మీ పాపనో బాబునో ఎవరూ ఆటలోకి రానివ్వకపోతే ఏం చెయ్యాలి (రానివ్వని పిల్లల పేరెంట్స్ కూడా చదవండి)

కొట్టరు, తిట్టరు, ఏడిపించను కూడా ఏడిపించరు. జస్ట్ పిలవరు అంతే. అపార్ట్‌మెంట్ కింద పదిమంది పిల్లలు ఆడుకుంటుంటే మీ పాప మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉంటుంది, వెళ్లి అడిగితే "టీమ్స్ ఫుల్" అంటారు, రెండు నిమిషాల తర్వాత ఇంకో పిల్ల వచ్చి అడిగితే అదే ఫుల్ టీమ్‌లో చోటు దొరుకుతుంది. మరీ గట్టిగా అడిగితే ఆటలో అరటిపండులా ఒక మూల నిలబెడతారు, బంతి మాత్రం ఇటు రాదు. ఇంటికొచ్చి చెప్తే మనం ఏమంటాం, "చిన్నపిల్లలు కదా, ఇవాళ కటీఫ్ అంటారు రేపు కలిసిపోతారు, పట్టించుకోకు" అంటాం. చాలాసార్లు అది నిజమే. ప్రతిసారీ కాదు. నిజం కానప్పుడు ఎలా కనిపెట్టాలి, కనిపెట్టాక ఏం చెయ్యాలి అనేది ఇక్కడ రాస్తున్నా. ముందే ఒక మాట చెప్పేస్తా, పిల్లల గ్రూపుల వెనక చాలాసార్లు పెద్దవాళ్ల గ్రూపులు ఉంటాయి, ఎవరింటికి ఎవరు వెళ్తారు, ఎవరితో ఎవరు మాట్లాడరు అనేది పిల్లలు మన దగ్గర చూసే నేర్చుకుంటారు, అందుకే పిల్లకి ధైర్యం నూరిపోసి కిందకి పంపిస్తే పని అయిపోదు, మనం కూడా గడప దాటాలి.

మామూలు గొడవా, పక్కన పెట్టడమా

గొడవ అయితే రెండు వైపులా కోపం ఉంటుంది, కారణం ఉంటుంది, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. పక్కన పెట్టడం అలా ఉండదు. ఒకవైపు చాలామంది, ఇంకోవైపు ఒక్కరే, ప్రతిసారీ అదే ఒక్కరు, కారణం అడిగితే రోజుకొకటి చెప్తారు లేదా నవ్వి ఊరుకుంటారు. తిరిగి కలవడానికి దారి ఉండదు, అంటే సారీ చెప్పినా వస్తువులు ఇచ్చినా ఏం మారదు. ఈ మూడు చూడండి: అదే పిల్లకి మళ్లీమళ్లీ జరుగుతోందా, చాలామంది కలిసి చేస్తున్నారా, బయటపడే దారి ఉందా లేదా.

అలా అని ఒక్కసారి "నువ్వు వద్దు" అనగానే కంగారు పడక్కర్లేదు. విలియమ్ కొర్సారో అనే సోషియాలజిస్ట్ నర్సరీ పిల్లల మధ్య నెలల తరబడి కూర్చుని గమనించాడు, నడుస్తున్న ఆటలోకి కొత్తగా దూరబోతే మొదటిసారి దాదాపు సగం సార్లు వద్దనే అంటారంట. ఎందుకంటే పిల్లలు ఊహించుకుని కట్టుకున్న ఆట చాలా సున్నితంగా ఉంటుంది, కొత్త మనిషి రాగానే చెదిరిపోతుందేమో అని వాళ్ల భయం. కాబట్టి మొదటి "వద్దు" చెడ్డతనం కాదు. పదో "వద్దు" గురించే మనం మాట్లాడుకునేది.

ఆ పదో "వద్దు" ఎంత లోతుగా తగులుతుందో తెలియాలంటే కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్ట్ చేసిన సైబర్‌బాల్ ప్రయోగం గురించి తెలుసుకోవాలి. స్క్రీన్ మీద ముగ్గురు బంతి విసురుకునే సింపుల్ ఆట, అందులో మీరొకరు, మొదట్లో బంతి మీకు రెండు మూడు సార్లు వస్తుంది, తర్వాత మిగతా ఇద్దరే విసురుకుంటారు. ఉండేది కొన్ని నిమిషాలే, అవతల వాళ్లెవరో కూడా తెలియదు, అయినా ఆడిన పెద్దవాళ్లు బాధపడ్డారు, తమ మీద తమకి నమ్మకం తగ్గినట్టు చెప్పారు. 2004లో ఇంకో ముందడుగు వేసి అవతల ఉన్నది మనుషులు కాదు కంప్యూటరే అని ముందే చెప్పి ఆడించారు, అయినా బాధపడ్డారు. పెద్దవాళ్లకే, ముక్కూమొహం తెలియని ఆటలోనే అంత అనిపిస్తే, రోజూ సాయంత్రం తను ఉండే బిల్డింగ్ కిందే, తన పేరు తెలిసిన పిల్లల మధ్యే ఇది జరిగే ఏడేళ్ల పిల్ల సంగతి ఆలోచించండి. "పట్టించుకోకు" అనేది ఆ పిల్ల చెయ్యగలిగే పని కాదు.

ముందు చూడండి, తర్వాత అడగండి

పిల్లలు ఈ విషయం నేరుగా చెప్పరు. సిగ్గుగా ఉంటుంది, చెప్తే అమ్మ బాధపడుతుందని కూడా దాస్తారు. బదులుగా వేరే రకంగా బయటపడుతుంది. ఆడుకునే టైమ్‌కి కడుపునొప్పి వస్తుంది. నిన్నటి దాకా పరుగెత్తిన పిల్ల కిందకి రానంటుంది. తనకంటే బాగా చిన్నపిల్లలతోనే ఆడుతుంది. బొమ్మలు, పెన్నులు, స్టిక్కర్లు తీసుకెళ్లి పంచేసి వస్తుంది, ఇది మాత్రం చాలామంది పేరెంట్స్ మంచి గుణం అనుకుని మురిసిపోతారు గానీ ఎవరికి ఇస్తోంది, ఇచ్చాక వాళ్లు ఎంతసేపు ఆడుతున్నారు అనేది ఒకసారి చూడండి, కొన్నిసార్లు అది ఆటలోకి కడుతున్న టికెట్ అయి ఉంటుంది.

ఒక వారం పాటు ఏం మాట్లాడకుండా గమనించండి. బాల్కనీ నుంచో, పార్కులో దూరంగా బెంచీ మీద నుంచో. మీ పిల్ల ఆటలోకి ఎలా వెళ్తోంది, వాళ్లు ఏమంటున్నారు, ఎవరు మొదట వద్దంటున్నారు, ఎవరు ఊరికే తలూపుతున్నారు, ఎవరి మొహంలో జాలి కనపడుతోంది. ఆ చివరి పిల్ల ఎవరో గుర్తుపెట్టుకోండి, తర్వాత చాలా అవసరం పడుతుంది.

అడిగేటప్పుడు "నిన్ను ఎవరైనా ఏమైనా అన్నారా" అని కంగారుగా అడిగితే "లేదు" అనే జవాబే వస్తుంది. పక్కపక్కన నడుస్తున్నప్పుడో, పడుకోబోయే ముందు లైట్ తీసేశాకో, మొహం మొహం చూసుకోకుండా ఉన్నప్పుడు మాటలు తేలిగ్గా వస్తాయి. "ఇవాళ ఎవరి పక్కన కూర్చున్నావ్", "ఏం ఆట ఆడారు, నువ్వు ఏం అయ్యావ్ అందులో", "ఇవాళ ఎవరైనా ఒక్కళ్లే ఉండిపోయారా" ఇలాంటివి అడగండి. మూడో ప్రశ్న బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అది వేరేవాళ్ల గురించి అడిగినట్టు ఉంటుంది. రోజూ అడక్కండి. రోజూ అడిగితే ఇంటికి రావడం అంటే పరీక్ష అయిపోతుంది.

చెప్పినప్పుడు మన నోట్లోంచి వెంటనే వచ్చే మాటలు మూడు ఉంటాయి, మూడూ మింగెయ్యాలి. "నువ్వే ఏదో చేసుంటావ్." "నీకేం తక్కువ, వాళ్లతో ఆడకపోతే ఏం పోయింది." "ఉండు, ఇప్పుడే వెళ్లి వాళ్లమ్మకి చెప్తా." మొదటిది గాయం మీద కారం. రెండోది ప్రేమతోనే అంటాం, కానీ ఆ పిల్లకి వాళ్లతోనే ఆడాలని ఉంది, అసలు బాధే అది. మూడోది అన్నామంటే మళ్లీ ఏదీ చెప్పదు. బదులుగా "అలా చేస్తే చాలా బాధేస్తుంది నాన్నా, నాకు చెప్పావ్, మంచి పని చేశావ్. నన్ను ఏమైనా చెయ్యమంటావా, ఊరికే వినమంటావా" అని అడగండి. చాలామంది పిల్లలు ఊరికే వినమనే అంటారు, అప్పుడు నిజంగానే ఊరికే వినండి.

రెండు రకాలు, రెండు మందులు

1982లో కోయీ, డాడ్జ్, కొప్పొటెల్లి అనే ముగ్గురు రీసెర్చర్లు ఒక పద్ధతి పెట్టారు, క్లాసులో ప్రతి పిల్లనీ నీకు బాగా ఇష్టమైన వాళ్లు ఎవరు, ఇష్టం లేనివాళ్లు ఎవరు అని విడిగా అడిగారు. అందులో రెండు రకాల ఒంటరి పిల్లలు బయటపడ్డారు. ఒకరకం పిల్లల పేరు ఇష్టం లిస్టులోనూ లేదు, ఇష్టం లేని లిస్టులోనూ లేదు, అంటే అసలు ఎవరి కంట్లోనూ పడట్లేదు. ఇంకోరకం పిల్లల పేరు ఇష్టం లేని లిస్టులో చాలామంది రాశారు. బయటికి ఇద్దరూ ఒకేలా ఒంటరిగా కనిపిస్తారు గానీ చెయ్యాల్సింది వేరు.

కంట్లో పడని పిల్ల చాలాసార్లు నెమ్మదస్తురాలు, కొందరికి ఒంటరిగా ఉండటం నిజంగా ఇష్టం కూడా, పుస్తకం పట్టుకుని హాయిగా ఉంటే ఆ పిల్లని లాగి గుంపులో పడెయ్యాల్సిన పని లేదు. బాధపడుతుంటేనే కదలండి, ఒక్క స్నేహం దొరికితే తేరుకుంటుంది, కొత్త చోటికి వెళ్తే తొందరగా తేరుకుంటుంది. వద్దనిపించుకునే పిల్ల విషయంలో మాత్రం నిజాయితీగా ఒకటి చూసుకోవాలి, ఓడిపోతే ఆట చెడగొడుతోందా, రూల్స్ తనకి నచ్చినట్టు మారుస్తోందా, చేతిలోవి లాక్కుంటోందా. ఇవి అలవాట్లు, ఇంట్లో మనతో ఆడుతూ మార్చొచ్చు, మనం కావాలని ఓడిపోకుండా నిజంగా ఆడితే, ఓడిపోవడం ఇంట్లోనే అలవాటైతే, బయట తేలికవుతుంది.

కానీ ఇక్కడ చాలా జాగ్రత్త. పిల్ల నత్తి, వీల్‌చైర్, యాస, రంగు, మతం, బట్టలు, వాళ్ల నాన్న చేసే పని, అమ్మ ఒక్కతే పెంచుతోంది అనేది, ఇవేవీ అలవాట్లు కావు. వీటికోసం పక్కన పెడుతుంటే పిల్లలో సరిచెయ్యాల్సింది ఏమీ లేదు. "కొంచెం వాళ్లలాగా మాట్లాడటం నేర్చుకో" అని మనం అన్నామంటే అవతల పిల్లలు చెప్పిన మాటకి మనం సంతకం పెట్టినట్టే. అప్పుడు పని పిల్లతో కాదు, పెద్దవాళ్లతో.

నడుస్తున్న ఆటలోకి ఎలా దూరాలి

ఇది నేర్పగలిగిన విద్య, చాలామందికి తెలియదు. 1981లో పుటల్లాజ్, గాట్‌మన్ అని ఇద్దరు రెండో, మూడో తరగతి పిల్లలు కొత్త ఆటలోకి ఎలా వెళ్తారో చూశారు. ఎవర్ని రానివ్వరో వాళ్లు చేసే పనులు దాదాపు ఒకేలా ఉన్నాయి: నడుస్తున్న ఆటకి సంబంధం లేని ప్రశ్నలు అడగటం, తన గురించి చెప్పుకోవడం, "అలా కాదు, ఇలా ఆడాలి" అనడం. అంటే అందరి దృష్టీ ఆట మీంచి తన మీదకి లాగటం. తేలిగ్గా కలిసిపోయే పిల్లలు మాత్రం ముందు ఏం నడుస్తోందో పట్టుకుని దానిలోకే జారుకుంటారు.

మనం పిల్లలకి చెప్పేది ఏంటి? "వెళ్లి నన్ను ఆడించుకుంటారా అని అడుగు" అంటాం. అలా అడిగితే వద్దు అనడం చాలా ఈజీ. బదులుగా ఇలా నేర్పండి, ముందు దగ్గరగా వెళ్లి నిలబడి కాసేపు చూడు, ఏం ఆట, ఎవరు ఎటువైపు, ఏం అవసరం ఉంది. తర్వాత నువ్వు కూడా అదే పని పక్కన మొదలుపెట్టు, వాళ్లు ఇసుకలో గోడ కడుతుంటే నువ్వూ తడి ఇసుక తెచ్చి పెట్టు, బంతి దూరం పోతే పరుగెత్తి తెచ్చివ్వు, "భలే కొట్టావ్" అను. ఆట ఆగిన క్షణంలో "నేను ఆ చివర కాస్తా" అని ఒక పని అడుగు. వద్దంటే ఏడవకు, వాదించకు, ఇంకో చోటికి వెళ్లి ఏదైనా చేసుకో, మళ్లీ కాసేపాగి రా. ఇంట్లో బొమ్మలతో దీన్ని రెండు మూడు సార్లు ఆడించి చూపించండి, మీరు ఒకసారి వద్దనే పిల్ల అవ్వండి, ఒకసారి వెళ్లే పిల్ల అవ్వండి. ఇద్దరు మాత్రమే గుసగుసగా ఆడుకుంటున్న చోటికి వెళ్లడం కష్టం, ఒక్కళ్లే ఉన్న పిల్ల దగ్గరికి వెళ్లడం అన్నిటికంటే తేలిక, ఇది కూడా చెప్పండి.

గుంపు కాదు, ఒక్కరు

ఇక్కడే చాలామంది తల్లిదండ్రుల శ్రమ అంతా వృథా అవుతుంది. అందరినీ పిలిచి పెద్ద పార్టీ చేస్తారు, అందరూ వస్తారు, తింటారు, ఆడతారు, మర్నాడు మళ్లీ అదే "టీమ్స్ ఫుల్". గుంపుని గెలవక్కర్లేదు. 1999లో హాడ్జెస్, బోయివిన్, విటారో, బుకౌస్కీ చేసిన స్టడీలో తోటిపిల్లలు వేధించే పిల్లల్లో ఒక్క మంచి స్నేహం ఉన్న వాళ్లు, లేనివాళ్లంత దెబ్బతినలేదని తేలింది. ఒక్కటి. రెండువైపులా ఇష్టం ఉన్న ఒక్క స్నేహం.

అందుకే జాలిగా చూసిన ఆ పిల్ల ఎవరో గుర్తుపెట్టుకోమన్నా. ఆ పిల్లని ఒక్కదాన్నే పిలవండి, ఇద్దర్ని పిలిస్తే వాళ్లిద్దరూ ఒకటై మీ పిల్ల తన ఇంట్లోనే మూడో మనిషి అయిపోయే ప్రమాదం ఉంది. గంటన్నర చాలు. ఏం చెయ్యాలో ముందే అనుకోండి, ఏదైనా తయారుచెయ్యడం, రంగులు వెయ్యడం, ఖాళీ డబ్బాలతో ఏదో కట్టడం, ఇద్దరి చేతులూ ఒకే పనిమీద ఉంటే మాటలకోసం వెతుక్కోవాల్సిన ఇబ్బంది ఉండదు. పోటీపడే ఆటలు మొదట్లో వద్దు. టీవీ కూడా వద్దు, పక్కపక్కన కూర్చుని చూడ్డం స్నేహం కాదు. ఇంకా బాగా నడుస్తుండగానే ఆపెయ్యండి, ఇంకాసేపు ఉంటా అని ఆ పిల్ల అడిగే టైమ్‌లో పంపిస్తే మళ్లీ వస్తుంది. మళ్లీ వారం అదే రోజు పిలవండి. మూడోసారికి కింద ఆటలో ఆ పిల్లే "ఇది మా టీమ్‌లో" అనొచ్చు, అనకపోవచ్చు కూడా, గుంపు ముందు ధైర్యం అందరికీ ఉండదు, దానికి ఆ పిల్లని తప్పుపట్టకండి.

ఇంకో సర్కిల్ కూడా పెట్టండి, స్కూలూ బిల్డింగూ కాకుండా మూడో చోటు. లైబ్రరీ, ఈత, డ్రాయింగ్, ఏదైనా, అక్కడ ఈ పిల్లకి పాత పేరు ఉండదు. ఒకచోట అందరూ వద్దన్నా ఇంకోచోట "ఏంటి నిన్న రాలేదు" అని అడిగేవాళ్లు ఉంటే పిల్ల నిలబడుతుంది.

సిటీలో స్నేహాలు ఎక్కడ పుడతాయి అనేదానికి పాత స్టడీ ఒకటి ఉంది, 1950లో అచ్చయింది, ఫెస్టింజర్, షాక్టర్, బ్యాక్ అని ముగ్గురు అమెరికాలో ఎంఐటీ అనే యూనివర్సిటీ స్టూడెంట్ క్వార్టర్స్‌లో చూసింది. ఎవరు ఎవరికి ఫ్రెండ్స్ అయ్యారు అనేది ఎక్కువగా గుణాల మీద కాదు, గుమ్మాలు ఎంత దగ్గర, మెట్ల పక్కన ఎవరిల్లు అనేదాని మీదే ఆధారపడిందంట. తర్వాత డొనాల్డ్ యాపిల్‌యార్డ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులు పోల్చి చూస్తే ట్రాఫిక్ తక్కువున్న వీధిలో వాళ్లకి ట్రాఫిక్ ఎక్కువున్న వీధి వాళ్లకంటే దాదాపు మూడు రెట్లు స్నేహితులు ఉన్నారు. దీన్నుంచి మనం వాడుకోవాల్సింది ఏంటంటే, పన్నెండో ఫ్లోర్లో తలుపేసుకుని ఉండి పిల్లకి ఫ్రెండ్స్ లేరని బాధపడితే లాభం లేదు, రోజూ అదే టైమ్‌కి, అందరూ తిరిగే చోట, మనిషి కనపడాలి, మీరు కూడా. లిఫ్ట్ దగ్గర, మెట్ల దగ్గర, పార్కు గేటు దగ్గర. పది నిమిషాలైనా సరే రోజూ.

అవతలి పేరెంట్‌తో ఎలా మాట్లాడాలి

గ్రూపులో పెట్టకండి. ఎట్టి పరిస్థితుల్లోనూ గ్రూపులో పెట్టకండి. "కొంతమంది పిల్లలు మా పాపని..." అని వాట్సాప్‌లో రాయగానే అందరూ ఆ కొంతమంది తమ పిల్లలే అనుకుంటారు, ఒక్కటైపోతారు, రెండో రోజుకి మీరు లేకుండా ఇంకో గ్రూపు తయారవుతుంది. మెసేజ్ కూడా వద్దు, స్వరం వినపడదు. మనిషిని మనిషి కలవాలి, పిల్లలు లేనప్పుడు, కోపంగా ఉన్న రోజు కాకుండా ఇంకో రోజు.

"మీవాడు మావాడిని ఆడనివ్వట్లేదు" అని మొదలుపెడితే ఆ మాట అయ్యేలోపే వాళ్లు తలుపు మూసేస్తారు. సాయం అడిగినట్టు మొదలుపెట్టండి: "వదినా, మా పాప కింద ఒక్కతే కూర్చుంటోంది కొన్నాళ్లుగా, చాలా డల్ అయిపోయింది. మీ పాప అంటే దానికి ఇష్టం. మీకేమైనా తెలుసా? ఒకసారి ఇద్దర్నీ కలిపి ఆడిద్దామా?" ఇందులో నింద లేదు, ఒక విషయం ఉంది, ఒక చిన్న పని ఉంది. వాళ్లు వెంటనే "మా పిల్ల అలాంటిది కాదే" అంటారు, అది సహజం, వాదించొద్దు, "అలా అని కాదు వదినా, ఒకసారి చూడండి చాలు" అని వచ్చెయ్యండి. చాలామంది ఆ రాత్రి వాళ్ల పిల్లని అడుగుతారు. అందరూ కాదు, చాలామంది.

పెద్దవాళ్లే కారణమైతే అది వేరే సంగతి. అద్దెకుండేవాళ్లు, సొంతిల్లు ఉన్నవాళ్లు అనే గీత, ముందొచ్చినవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు అనే గీత. 1965లో నార్బర్ట్ ఎలియాస్, జాన్ స్కాట్సన్ ఇంగ్లండ్‌లో ఒక కాలనీ గురించి రాశారు, అక్కడ పాతవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే పనిచేసేవాళ్లు, రంగు ఒకటే, దేశం ఒకటే, తేడా అల్లా ఎన్నేళ్లుగా ఉంటున్నారు అనేదొక్కటే. అయినా పాతవాళ్లు కొత్తవాళ్లని క్లబ్బుల్లోకి, కమిటీల్లోకి రానివ్వలేదు, కొత్తవాళ్లలో ఏ ఇద్దరో చెడ్డపని చేస్తే అందరూ అంతే అన్నారు, తమలో ఏ ఇద్దరో మంచివాళ్లుంటే తామంతా అంతే అనుకున్నారు. అదంతా నడిచింది ఊసుపోని కబుర్లతోనే. అంటే గీత గియ్యడానికి పెద్ద కారణం కూడా అక్కర్లేదు. మీ ఇంటికి ఇది జరుగుతుంటే మీలో లోపం వెతుక్కోకండి, గీతకి అవతలున్న ఒక్క కుటుంబాన్ని పట్టుకోండి, పిల్లలకి చెప్పినట్టే, గుంపు కాదు ఒక్కరు. ఏదైనా పని జరుగుతుంటే అతిథిలా కాకుండా పనిలో చెయ్యి వెయ్యండి. ఇంట్లో భోజనాల దగ్గర మాత్రం "వాళ్లు మనల్ని చూసి ఓర్వలేరు" లాంటివి పిల్లల ముందు వద్దు, పిల్ల ఆ బరువు కూడా ఎత్తుకుని కిందకి వెళ్తుంది.

మీ పిల్లే పక్కన పెడుతుంటే

ఎవరైనా వచ్చి చెప్పారు. మొదట కోపం వస్తుంది. ఆ కోపం తగ్గాక పిల్లని అడగండి, "నువ్వు చేశావా" అని కాదు, "ఆటలో ఎవరు ఉంటారు, ఎవరు ఉండరు, అది ఎవరు డిసైడ్ చేస్తారు" అని. 1995లో నికీ క్రిక్, జెన్నిఫర్ గ్రాట్‌పీటర్ చెప్పింది ఇదే, చెయ్యి ఎత్తకుండా స్నేహాన్నే ఆయుధంగా వాడటం కూడా దెబ్బే, "దానితో మాట్లాడితే నీతో మాట్లాడను" అనేది దెబ్బే. బాగా చదివే, పెద్దల ముందు మర్యాదగా ఉండే పిల్లలు కూడా ఇది చేస్తారు, అందుకే మనకి కనపడదు.

బలవంతంగా సారీ చెప్పించకండి, బలవంతంగా ఫ్రెండ్‌ని చెయ్యకండి. నీకు అందరూ ఇష్టం కానక్కర్లేదు, కానీ అందరిదీ అయిన చోట జరిగే ఆటలో ఎవర్నీ వద్దనే హక్కు నీకు లేదు, ఈ ఒక్క రూల్ చాలు, దీన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. పుట్టినరోజుకి పిలిస్తే నలుగురైదుగుర్ని పిలవండి లేదా అందర్నీ పిలవండి, ఒకరిద్దర్ని తప్పించి మిగతా క్లాసంతా రావడం మాత్రం వద్దు. పిలవని పిల్లల ముందు కార్డులు పంచొద్దు, ఆ రాత్రి ఫోటోలు అందరూ ఉన్న గ్రూపులో పెట్టొద్దు.

మీ పిల్ల చూస్తూ ఊరుకునే రకమైతే వాళ్లతోనే ఎక్కువ పని అవుతుంది. హాకిన్స్, పెప్లర్, క్రెయిగ్ 2001లో స్కూల్ గ్రౌండ్‌లో వీడియోలు తీసి చూస్తే, వేధిస్తున్నప్పుడు తోటిపిల్లలు అడ్డం వెళ్లిన సందర్భాల్లో 57 శాతం 10 సెకన్లలోపే ఆగిపోయాయి. పిల్లకి పోట్లాడమని చెప్పక్కర్లేదు, అది భయం. "రా, నువ్వు నా పక్కన" అనే ఒక్క మాట నేర్పండి, దానికి ఎవరితోనూ గొడవ పడక్కర్లేదు.

స్కూలు, కమిటీ

టీచర్‌తో మాట్లాడేటప్పుడు తేదీలు, ఏం జరిగింది, ఎవరున్నారు అని చిన్న కాగితం మీద రాసుకుని వెళ్లండి, "ఎప్పుడూ ఇంతే" అంటే ఏ టీచరూ ఏం చెయ్యలేరు. రెండు అడగండి. ఒకటి, ఇద్దరు కెప్టెన్లు పేర్లు పిలుచుకుంటూ టీమ్స్ వేసే పద్ధతి ఆపెయ్యమని, చివర మిగిలే పిల్ల ప్రతిసారీ ఒకరే అవుతారు, నంబర్లు చెప్పించి విడగొడితే సరిపోతుంది. రెండు, గ్రూప్ వర్క్‌లో ప్రతి పిల్ల దగ్గరా మిగతావాళ్లకి కావాల్సిన ఒక ముక్క ఉండేలా చెయ్యమని. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో స్కూళ్లలో నల్ల, తెల్ల, మెక్సికన్ కుటుంబాల పిల్లలు కొత్తగా కలిసి చదువుతూ గొడవలు పడుతుంటే ఎలియట్ ఆరన్సన్ అనే ఆయన పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో పిల్లకి ఒక్కో ముక్క ఇచ్చాడు, మిగతావాళ్ల ముక్క వినకపోతే పాఠం పూర్తి కాదు, అలా ఇష్టం లేని పిల్ల మాట కూడా వినాల్సి వచ్చింది, వినగా వినగా ఇష్టం పెరిగింది.

అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నవాళ్లకి కొంచెమే చెప్తా. పండక్కి కొందరు వడ్డించి కొందరు కూర్చునే ఫంక్షన్ పెడితే కలయిక అవ్వదు, గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు, మనుషులు దగ్గరవ్వాలంటే సమాన హోదాలో ఉండాలి, ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచెయ్యాలి, పైవాళ్ల మద్దతు ఉండాలి. ఓనర్ ఒకరు, టెనెంట్ ఒకరు జతగా పనులు పంచండి. ఆటస్థలం రూల్స్ ఒకసారి చదవండి, అద్దెకుండేవాళ్ల పిల్లలకి, ఇంట్లో పనిచేసేవాళ్ల పిల్లలకి, వీల్‌చైర్‌లో వచ్చే పిల్లకి నిజంగా ప్రవేశం ఉందా. 2019లో లండన్‌లోని లాంబెత్‌లో ఒక హౌసింగ్ కాంప్లెక్స్‌లో సోషల్ హౌసింగ్ (తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు) పిల్లలు పెద్ద ఆటస్థలంలోకి వెళ్లకుండా అడ్డం పెట్టారు, పేపర్లలో వచ్చాక తీసేశారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో 31వ ఆర్టికల్ ఆటని హక్కుగానే రాసింది, 2వ ఆర్టికల్ ఏ తేడా చూపకుండా అన్ని హక్కులూ ఇవ్వాలంది, కమిటీ మీటింగ్‌లో ఎవరైనా "బయటి పిల్లలు" అంటే ఈ రెండు నంబర్లు చెప్పండి.

ఇవన్నీ చేసినా మారకపోతే

రెండు మూడు నెలలు నిజంగా ప్రయత్నించాక కూడా అలాగే ఉంటే క్లాస్ సెక్షన్ మార్చమని అడగడం, ఆడుకునే చోటు మార్చడం ఓటమి కాదు, పిల్ల బాల్యం చిన్నది, అందులో ఏడాది ఆ గుంపుకోసం ఎదురుచూస్తూ పోగొట్టక్కర్లేదు. మార్చేముందు పిల్లని అడగండి, ఒక్క ఫ్రెండ్ అక్కడ ఉంటే మార్చడం వల్ల ఆ ఒక్కటీ పోవచ్చు.

నిద్ర తగ్గినా, తిండి మానేసినా, ఇష్టమైనవి కూడా వదిలేసినా పిల్లల డాక్టర్‌కి చూపించి కౌన్సెలర్ దగ్గరికి వెళ్లండి. "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట ఒక్కసారి విన్నా అదే రోజు వెళ్లండి, ఊరికే అన్నదేమో అని ఆగొద్దు, ఆ రాత్రి పిల్లని ఒక్కదాన్నే పడుకోనివ్వొద్దు.